పెద్ద తాళం
(కంప్యూటర్ కథ – 17వ భాగం)

2008 మే నెల. లినక్స్ 2.6.26 కెర్నెల్ తొలి పరీక్షా కూర్పు విడుదలై ఎన్నో రోజులు కాలేదు. ఇంటెల్ ఇంజనీరు ఒకరు దాని మీద ఎయిమ్7 అనే పాత వేగ పరీక్ష నడిపి చూశారు. వేగం దాదాపు 40 శాతం పడిపోయింది. యంత్రాలు పాతవే, పరీక్షా పాతదే, కెర్నెల్ ఒక్కటే కొత్తది. అందులోనూ అనుమానం వెళ్లిన మార్పు చూడ్డానికి చాలా సాధువైనది. మాథ్యూ విల్కాక్స్ అనే డెవలపర్ సెమాఫోర్లనే తాళాల కోడ్‌ను శుభ్రంగా తిరగరాశారు. పాత కోడ్‌లో ఎవరికి అందితే వాళ్లు తాళం పట్టుకుపోయేవారు. కొత్త కోడ్‌లో వరుసలో ముందున్నవాళ్లకే తాళం. న్యాయంగానే ఉంది కదా అనిపిస్తుంది. ఆ న్యాయమే కొంప ముంచింది. వరుసలో ముందున్న ప్రాసెస్ నిద్ర లేచి వచ్చేదాకా తాళం దాని పేరనే ఉంటుంది. మెలకువగా, పనికి సిద్ధంగా ఉన్న మిగతా ప్రాసెసర్లన్నీ చేతులు కట్టుకుని నిలబడాలి.

అసలు ప్రశ్న వేరే ఉంది. ఒక్క తాళం తీరు కాస్త మారితే మొత్తం యంత్రం ఎందుకు కుంటుపడాలి? ఎందుకంటే అది మామూలు తాళం కాదు. అప్పట్లో సెమాఫోర్‌గా ఉన్న, డెవలపర్లు బీకేఎల్ అని పిలిచే ‘బిగ్ కెర్నెల్ లాక్’. అప్పటికి దాని వయసు పన్నెండేళ్లు. దాన్ని తీసెయ్యాలన్న మాట కూడా దాదాపు అంత పాతదే. వెయ్యడం తేలికైన ఆ తాళాన్ని తియ్యడానికి పదిహేనేళ్లు ఎందుకు పట్టిందన్నదే ఈ భాగం కథ.

ఒకే యంత్రంలో చాలా ప్రాసెసర్లు పెట్టాలన్న ఆలోచన లినక్స్ కంటే చాలా ముందుది. 1971లో పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో సి.ఎంఎంపీ అనే యంత్రం పని మొదలైంది. పదహారు పీడీపీ-11 ప్రాసెసర్లు, అన్నిటికీ ఉమ్మడి మెమరీ. దాని మీద నడవడానికి విలియం వుల్ఫ్ బృందం హైడ్రా అనే కెర్నెల్ రాసింది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి 1969లో చేరింది ఆ విశ్వవిద్యాలయంలోనే. మనిషి మాటను యంత్రం చేత గుర్తింపజేసే ఆయన బృందానికి ఎంత గణన శక్తి ఉన్నా చాలేది కాదు. ఆ పనిని చాలా ప్రాసెసర్లకు పంచడం ఎలా అన్నది వాళ్లు పట్టించుకున్న ప్రశ్నల్లో ఒకటి. అయితే హైడ్రాను మొదటి అక్షరం నుంచీ చాలా ప్రాసెసర్ల కోసమే రాశారు. మన కథకు అడ్డం తిరిగింది అలా రాయని కెర్నెల్, యునిక్స్.

యునిక్స్ ఒక్క ప్రాసెసర్ యంత్రం మీద పుట్టింది. దాని లోపల ఎక్కడా రాసిపెట్టని ఒప్పందం ఒకటి ఉండేది: ఒక ప్రాసెస్ కెర్నెల్‌లోకి అడుగుపెట్టాక, తనంతట తాను నిద్రపోతే తప్ప, ఇంకో ప్రాసెస్ వచ్చి దాని పనికి అడ్డుపడదు. డిస్కు నుంచో కీబోర్డు నుంచో వచ్చే ఇంటరప్టులను కాసేపు ఆపుకుంటే చాలు, లోపలి జాబితాలన్నీ క్షేమం. ఈ ధీమాతోనే వేల లైన్ల కోడ్ రాశారు. ఖాళీ డిస్కు బ్లాకుల జాబితాలోంచి ఒకదాన్ని తీసేటప్పుడు, అదే క్షణంలో ఇంకొకరు అదే బ్లాకు మీద చెయ్యి వేస్తారేమోనన్న అనుమానానికే తావు లేదు. ఇంకొకరు ఉంటే కదా! రెండో ప్రాసెసర్ పెట్టిన మరుక్షణం ఆ ధీమా పోతుంది. ఇద్దరూ ఒకే బ్లాకు తీసుకుంటారు, రెండు ఫైళ్లు ఒకదాన్నొకటి చెరుపుకుంటాయి. ఇలాంటి తప్పు రోజూ కనబడదు. నెలకోసారి, అదీ అర్ధరాత్రి పూట, కారణం తెలియకుండా వస్తుంది.

ఈ ఇబ్బందిని అందరికంటే మొరటుగా, తెలివిగా దాటేసినవారు పర్డ్యూ విశ్వవిద్యాలయంలోని జార్జ్ గోబుల్. 1980ల మొదట్లో ఆయన మైఖేల్ మార్ష్‌తో కలిసి వ్యాక్స్ 11/780 యంత్రానికి రెండో ప్రాసెసర్ తగిలించారు. కెర్నెల్ పని మొత్తం మొదటి ప్రాసెసర్‌దే. రెండోది వాడుకరుల ప్రోగ్రాములు మాత్రమే నడుపుతుంది. కెర్నెల్ సేవ (సిస్టమ్ కాల్) అవసరమైతే పనిని మొదటిదానికి అప్పగించి తప్పుకుంటుంది. ఒప్పందం చెక్కుచెదరలేదు, లెక్కలు వేసుకునే ప్రోగ్రాములకు వేగమూ దొరికింది. (ఈ గోబుల్ గారే తర్వాత బొగ్గుల కుంపటి మీద ద్రవ ఆక్సిజన్ పోసి మూడు సెకన్లలో రాజేసి, 1996లో ఇగ్ నోబెల్ కొట్టేశారు. ఇంజనీర్లలో ఇలాంటివాళ్లు ఉండబట్టే ఈ చరిత్ర రాయబుద్ధవుతుంది.)

ఇక లినక్స్. 1991లో హెల్సింకీ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ తన సొంత 386 యంత్రం కోసం రాసుకున్న కెర్నెల్ అది. యునిక్స్ నుంచి పాత ఒప్పందాన్ని కూడా అలాగే తెచ్చుకుంది. 1995లో వేల్స్‌లోని స్వాన్సీలో ఉండే అలన్ కాక్స్ దాన్ని రెండు ప్రాసెసర్ల మీద నడిపించే పనికి పూనుకున్నారు. అందుకు కావలసిన రెండు ప్రాసెసర్ల బోర్డును కాల్డెరా అనే లినక్స్ కంపెనీ సమకూర్చింది. ఈ కంపెనీ పేరు గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనిపడుతుంది.

కాక్స్ ఎంచుకున్న దారి సూటిగా ఉంది. కెర్నెల్ మొత్తానికి ఒకే తాళం. ఉమ్మడి కుటుంబంలో బీరువా తాళంచెవి అత్తగారి కొంగున ఉన్నట్టు, కెర్నెల్‌లోకి వెళ్లాల్సిన ప్రతి ప్రాసెసర్ ముందు ఆ చెవి సంపాదించాలి. రెండోది వస్తే, మొదటిది బయటికొచ్చేదాకా గుమ్మం దగ్గర గిరగిరా తిరుగుతూ కనిపెట్టుకుని ఉండాలి. 1996 జూన్‌లో వచ్చిన లినక్స్ 2.0 ఈ ఏర్పాటుతోనే వచ్చింది. పాత కోడ్‌లో ఒక్క లైను మార్చనక్కర్లేదు. లోపల ఎప్పుడూ ఒక్కరే ఉంటారు కనుక యునిక్స్ నాటి ధీమా నిలిచింది.

చాలామంది దీన్ని బద్ధకపు పని అంటారు. నేను అనను. పరీక్షించడానికి రెండు ప్రాసెసర్ల యంత్రాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉన్న రోజుల్లో, ఇళ్ల నుంచి పనిచేసే ఔత్సాహికులు అంతకంటే చిన్న తాళాలతో మొదలుపెట్టి ఉంటే ఆ కెర్నెల్ నిలబడేది కాదు. సన్ కంపెనీ మరో దారిలో వెళ్లింది. 1992లో వచ్చిన సొలారిస్ 2 కెర్నెల్‌ను చాలా ప్రాసెసర్ల కోసం లోపలి నుంచీ మార్చి రాశారు. ప్రతి చిన్న వస్తువుకూ దాని తాళం దానిదే. ఫలితం? ఒకే ప్రాసెసర్ ఉన్న మామూలు యంత్రాల మీద తొలి కూర్పులు నత్తనడక నడిచాయి. వాడుకరులు విసుక్కుని పాత సన్‌ఓఎస్ 4నే చాలాకాలం పట్టుకుని వేలాడారు. తాళాలు తీసి వేసే ఖర్చు అవసరం లేనివాళ్ల మీద కూడా పడింది మరి. 1997 నాటికి అదే సొలారిస్ 64 ప్రాసెసర్ల ఈ10000 యంత్రం మీద దర్జాగా నడిచిందన్నది నిజమే. కానీ ఆ అయిదేళ్ల నష్టాన్ని ఓర్చుకోవడానికి వాళ్ల దగ్గర డబ్బుంది, జీతాలు తీసుకునే ఇంజనీర్లున్నారు.

ఒక్క తాళం వల్ల పోయేదెంతో 1967లోనే జీన్ ఆమ్‌డాల్ లెక్కగట్టి పెట్టారు. పనిలో 5 శాతం ఒకరి తర్వాత ఒకరు మాత్రమే చేయగలిగినదైతే, ఎన్ని వేల ప్రాసెసర్లు పెట్టినా వేగం ఇరవై రెట్లు దాటదు. పదహారు ప్రాసెసర్లు పెడితే వచ్చేది తొమ్మిది రెట్లే. వెబ్ సర్వర్ లాంటి ప్రోగ్రామైతే 5 శాతం కాదు, తన కాలంలో సగం దాకా కెర్నెల్‌లోనే గడుపుతుంది. అలాంటి పనికి బీకేఎల్ ఉన్న కెర్నెల్ మీద మూడో ప్రాసెసర్ కొనడమే దండగ.

ఈ లెక్క 1999 ఏప్రిల్‌లో అందరి ముందూ రుజువైంది. మైక్రోసాఫ్ట్ డబ్బిచ్చి చేయించిన పరీక్షలో మైండ్‌క్రాఫ్ట్ అనే సంస్థ నాలుగు ప్రాసెసర్ల డెల్ యంత్రం మీద విండోస్ ఎన్‌టీని, లినక్స్‌ను పోటీకి దింపింది. ఫైల్ సర్వర్‌గా ఎన్‌టీ 2.5 రెట్లు, వెబ్ సర్వర్‌గా 3.7 రెట్లు వేగంగా నడిచిందని ప్రకటించింది. లినక్స్ అభిమానులు భగ్గుమన్నారు. డబ్బు పుచ్చుకుని చేసిన పరీక్ష అన్నారు, యంత్రాన్ని లినక్స్‌కు సరిగా అమర్చలేదన్నారు. అందులో కొంత నిజముంది. కానీ అమరిక సరిచేసి మళ్లీ నడిపినా ఎన్‌టీయే ముందుంది. కెర్నెల్ రాసేవాళ్లు మాత్రం అరుపులు పక్కనపెట్టి లోపల వెతికారు. నెట్‌వర్క్ కోడ్ మొత్తం ఒకసారికి ఒకే ప్రాసెసర్ మీద నడుస్తోంది. కొత్త కనెక్షన్ ఒక్కటి వస్తే, దాని కోసం నిద్రపోతున్న ప్రాసెస్‌లన్నీ ఒక్కసారిగా లేచి కొట్టుకుని, ఒక్కటి గెలిచి, మిగతావి మళ్లీ పడుకుంటున్నాయి. లినక్స్‌కు ఆ రెండేళ్లలో ఆ పరీక్ష చేసినంత మేలు ఏ మిత్రుడూ చేయలేదు. 2001 జనవరిలో వచ్చిన 2.4 కెర్నెల్‌లో నెట్‌వర్క్ కోడ్‌కు విడి తాళాలు పడ్డాయి. 2002లో ఇంగో మోల్నార్ అనే కెర్నెల్ డెవలపర్ షెడ్యూలర్‌ను మార్చి, ఏ ప్రాసెస్ ఎప్పుడు నడవాలో చెప్పే ఒకే ఒక్క వరుసను తీసేసి ప్రాసెసర్‌కొక వరుస చొప్పున పెట్టారు.

ఇక్కడ కాస్త ఆగి యంత్రం లోపలికి చూడాలి. తాళాలను చిన్నచిన్నవిగా విడగొడితే చాలు, పని అయిపోతుందనిపిస్తుంది. కాదు. తాళమంటే చివరికి మెమరీలో ఒక అంకె. ప్రతి ప్రాసెసర్ దగ్గరా సొంత క్యాష్ (దగ్గరి చిన్న మెమరీ) ఉంటుంది. అందులో మెమరీ 64 బైట్ల ముక్కలుగా కూర్చుని ఉంటుంది. అంకెను మార్చాలంటే ఆ ముక్క తన ఒక్కరి దగ్గరే ఉండాలి, మిగతావాళ్ల దగ్గరున్న నకళ్లు రద్దు కావాలి. ఇల్లినాయి విశ్వవిద్యాలయంలో మార్క్ పాపామార్కోస్, జనక్ పటేల్ 1984లో వివరించిన పద్ధతి ఇదే. ఇప్పటి ప్రాసెసర్లు వాడేది దాని సంతతినే. అంటే తాళం ఖాళీగా ఉన్నా, ఎవరూ ఎవరి కోసమూ ఆగకపోయినా, దాన్ని తాకిన ప్రతిసారీ ఆ ముక్క ఒక ప్రాసెసర్ నుంచి ఇంకోదానికి ప్రయాణం చేయాల్సిందే. సొంత క్యాష్‌లో ఉన్న అంకెను చదవడానికి పట్టే కాలంతో పోలిస్తే ఈ ప్రయాణం పదుల రెట్లు ఖరీదు. ఇంకా చిత్రమేమిటంటే, రెండు ప్రాసెసర్లు సంబంధం లేని రెండు అంకెలను మారుస్తున్నా, ఆ రెండూ ఒకే 64 బైట్లలో పక్కపక్కన పడి ఉంటే అదే అవస్థ. కోడ్ ఎన్నిసార్లు చదివినా ఆ తప్పు కంటికి ఆనదు.

కాబట్టి ఖర్చు తాళంలో లేదు, పంచుకోవడంలో ఉంది. దీన్ని అందరికంటే ముందు వంటబట్టించుకున్నవాళ్లు ఒరెగన్ రాష్ట్రం బీవర్టన్‌లోని సీక్వెంట్ కంపెనీవాళ్లు. ఇంటెల్ నుంచి బయటికొచ్చిన ఇంజనీర్లు 1983లో పెట్టిన సంస్థ అది. మిగతావాళ్లు పెద్ద పెద్ద ప్రాసెసర్ల వెంట పడుతుంటే, వీళ్లు చవక చిప్‌లను గుంపులుగా పెట్టి యంత్రాలు కట్టారు. 386 చిప్‌లతో చేసిన సిమెట్రీ యంత్రంలో ముప్ఫై దాకా పట్టేవి. దాని యునిక్స్ మీద పనిచేస్తూ పాల్ మెకెన్నీ, జాన్ స్లింగ్‌వైన్ 1990ల మొదట్లో ఒక ఉపాయం పన్నారు. తర్వాత దానికి ఆర్‌సీయూ అన్న పేరు స్థిరపడింది.

కెర్నెల్‌లో చాలా పట్టికలు లక్షసార్లు చదివితే ఒకసారి మారే రకం. ఏ నెట్‌వర్క్ పొట్లం (ప్యాకెట్) ఏ దారిన వెళ్లాలో చెప్పే రూటింగ్ పట్టిక అలాంటిదే. మరి ఆ ఒక్క మార్పు కోసం లక్షమంది తాళం పట్టుకోవడం ఎందుకు? ఆర్‌సీయూలో చదివేవాళ్లు ఏ తాళమూ పట్టరు, ఏ అంకెనూ మార్చరు, చదువుకుని వెళ్లిపోతారు. మార్చేవాళ్లు పాతదానికి నకలు తీసి, నకలులో దిద్ది, పట్టిక ఎక్కడుందో చెప్పే చిరునామాను ఒక్క దెబ్బతో కొత్తదానికి తిప్పుతారు. ఇకపై వచ్చేవాళ్లు కొత్తది చూస్తారు, ఇప్పటికే లోపలున్నవాళ్లు పాతదే చదువుతుంటారు. ఇద్దరికీ ఇబ్బంది లేదు. చిక్కల్లా పాతదాన్ని ఎప్పుడు పారెయ్యాలన్నదే. చదివేవాళ్లు తాము ఉన్నామని ఎక్కడా నమోదు చేసుకోలేదాయె. ఇక్కడే అసలు తెలివి: చదువుతున్నంతసేపూ ప్రాసెసర్ వేరే పనికి మళ్లకూడదన్న నియమం పెట్టారు. అప్పుడు ప్రతి ప్రాసెసర్ ఒక్కసారైనా వేరే పనికి మళ్లిందని తెలిస్తే చాలు, పాత పట్టికను చదివే నాథుడు ఎక్కడా లేనట్టే. అప్పుడు పారేస్తారు. చదివేవాళ్లకు ఖర్చు దాదాపు సున్నా. ప్రాసెసర్లు ముప్ఫై అయినా మూడు వందలైనా అంతే.

సీక్వెంట్‌ను 1999లో ఐబీఎం కొనేసింది. దాంతో మెకెన్నీ, ఆయన పేటెంటూ ఐబీఎం ఇంట చేరాయి. ఆర్‌సీయూను లినక్స్‌లోకి తెచ్చిన పని మాత్రం చాలావరకు మన పొరుగునే, బెంగళూరులోని ఐబీఎం లినక్స్ బృందంలో జరిగింది. దీపాంకర్ శర్మ రాసిన కోడ్ 2002 అక్టోబరులో 2.5.43 కూర్పులో చేరింది. ఫైల్ పేర్లను వెతికే భాగాన్ని తాళాలు లేకుండా నడిపించడంలో ఆయనతోపాటు మనీశ్ సోనీ శ్రమ ఉంది. భారతదేశంలో కూర్చుని అమెరికా కంపెనీల ప్రోగ్రాములకు మరమ్మతులు చేస్తారన్న పేరు తప్ప మనకు వేరే పేరు లేని రోజులవి. కెర్నెల్ గుండెకాయలో చేసిన ఆ పని గురించి మన పత్రికలు రాసింది తక్కువే.

ఇప్పుడు కాల్డెరా సంగతి. ఆ కంపెనీ తర్వాత యునిక్స్ వ్యాపారాన్ని కొని, 2002లో పేరు మార్చుకుని ఎస్‌సీఓ గ్రూప్ అయింది. 2003 మార్చిలో ఐబీఎం మీద వంద కోట్ల డాలర్లకు దావా వేసింది. యునిక్స్ రహస్యాలను ఐబీఎం దొంగతనంగా అందించకపోతే, ఔత్సాహికులు రాసుకున్న లినక్స్ చాలా ప్రాసెసర్ల పెద్ద యంత్రాల స్థాయికి ఎదిగేదే కాదన్నది దాని వాదన సారం. దొంగిలించారన్న జాబితాలో ఆర్‌సీయూ కూడా ఉంది. లినక్స్‌కు తొలి రెండు ప్రాసెసర్ల బోర్డు ఇచ్చి ఈ దారి పట్టించిన కంపెనీ వారసులే ఈ మాట అన్నారు! వ్యాజ్యం ఏళ్లకేళ్లు సాగి, ఎస్‌సీఓ దివాలా తీసి, చివరికి 2021లో రాజీతో ముగిసింది. ఐబీఎం చెల్లించింది కోటీ 42 లక్షల డాలర్ల పైచిలుకు.

ఈలోగా యంత్రాలు పెరిగిపోయాయి. నాసా ఏమ్స్ కేంద్రంలో ఎస్‌జీఐ కంపెనీ ఆల్టిక్స్ యంత్రం ఒకటి పెట్టింది. 512 ఇటానియం ప్రాసెసర్లు, అన్నిటి మీదా కలిపి ఒకే లినక్స్ కెర్నెల్. కొలంబియా వ్యోమనౌక ప్రమాదంలో మరణించిన కల్పనా చావ్లా స్మృతిగా నాసా ఆ యంత్రానికి ‘కల్పన’ అని పేరు పెట్టింది. 2004లో అలాంటివి ఇరవై కలిపి 10,240 ప్రాసెసర్లతో కొలంబియా అనే సూపర్ కంప్యూటర్ కట్టారు. మరి బీకేఎల్ పోయిందా అంటే పోలేదు. కల్పనలోనూ ఉంది. గాలి ప్రవాహాలను లెక్కించే ప్రోగ్రాములు గంటల తరబడి సొంత లెక్కల్లోనే ఉంటాయి, కెర్నెల్ గడప తొక్కేది అరుదు. అందుకని 512 ప్రాసెసర్లున్నా తాళం కోసం తొక్కిసలాట జరగలేదు. ఎన్ని ప్రాసెసర్లకు తట్టుకుంటుందన్న గొప్పలు విన్నప్పుడల్లా, ఏ పనికి అని అడగడం మంచిది.

అదే ఏడాది ఇంటెల్ తన 4 గిగాహెర్ట్జ్ పెంటియం 4ను రద్దు చేసుకుంది. వేడిని భరించలేక గడియారం వేగం పెంచే దారి మూసుకుపోయింది. మరుసటి ఏడాది నుంచి మామూలు ఇంటి కంప్యూటర్లలోనే రెండేసి కోర్లు రావడం మొదలైంది. అప్పటిదాకా ధనవంతుల సమస్యగా ఉన్నది ఒక్కసారిగా అందరి సమస్య అయి కూర్చుంది.

మరి బీకేఎల్‌ను పట్టుకుని పీకెయ్యక ఎందుకు వేళ్లాడదీశారు? ఎందుకంటే అది మిగతా తాళాల లాంటిది కాదు. ఒకసారి పట్టుకున్నవారు విడవకుండానే మళ్లీ మళ్లీ పట్టుకోవచ్చు. పట్టుకుని నిద్రపోతే తాళం దానంతటదే జారిపోతుంది, లేవగానే మళ్లీ చేతికి వస్తుంది. పాత ఒప్పందాన్ని అచ్చంగా నిలబెట్టడానికి కాక్స్ దాన్ని కావాలనే అలా చేశారు. అయితే ఏళ్లు గడిచేకొద్దీ వేల లైన్ల కోడ్ తెలియకుండానే ఆ వింతల మీద ఆధారపడింది. ఒక డ్రైవర్‌లో తాళం ఉంటుంది. అది ఏ వస్తువును కాపాడుతోందో ఎక్కడా రాసి ఉండదు, రాసినవారికీ గుర్తుండదు. తీసేస్తే ఏమవుతుందో తెలియదు, ఏమీ కాకపోతే అసలు అవసరం లేదనుకోవాలా, ఇంకా బద్దలు కాలేదనుకోవాలా? యునిక్స్ సంతతికే చెందిన ఫ్రీబీఎస్‌డీవాళ్లు ‘జెయింట్’ అనే తమ పెద్ద తాళాన్ని తీసే పని 2000లో మొదలుపెట్టారు. పద్ధతి నచ్చక వాళ్లలోని మ్యాట్ డిల్లన్ 2003లో విడిపోయి డ్రాగన్‌ఫ్లై అనే వేరు కుంపటి పెట్టుకున్నారు. పుట్టుకతోనే చాలా ప్రాసెసర్ల కోసం రాశారని చెప్పుకునే విండోస్ ఎన్‌టీలో సైతం షెడ్యూలర్‌కు ఒకే పెద్ద తాళం ఉండేది. అది పోయింది 2009లో, విండోస్ 7తో.

మొదట్లో చెప్పుకున్న 2008 గొడవకు టోర్వాల్డ్స్ తీర్పు సూటిగానే వచ్చింది: బీకేఎల్‌ను సెమాఫోర్ నుంచి పాత తరహా స్పిన్‌లాక్‌కు, అంటే గుమ్మం దగ్గర గిరగిరా తిరిగే తాళానికి, మార్చారు. వేగం తిరిగొచ్చింది. కానీ తాళం చేతిలో ఉన్నంతసేపూ ఆ ప్రాసెస్‌ను ఎవరూ కదిలించలేరు. పని సమయానికి జరగడమే ముఖ్యమనే ఇంగో మోల్నార్‌కు అది ఒళ్లు మండే సంగతి. ఆయన వెంటనే బీకేఎల్‌ను చంపడానికంటూ ఒక వేరు శాఖ తెరిచారు. అక్కడి నుంచి కథ విసుగు పుట్టించే ఓపిక కథ. జొనాథన్ కార్బెట్ ఒక్కో డ్రైవర్‌నూ తెరిచి, తాళాన్ని పైనుంచి లోపలికి నెట్టారు. ఫ్రెడరిక్ వైస్‌బెకర్ రైజర్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌లోంచి దాన్ని ఊడబెరికారు. పట్టి నిద్రపోయే వింత మీద అంతగా ఆధారపడిన కోడ్ ఇంకోటి లేదు. టెర్మినళ్ల కోడ్‌ను బాగుచేస్తున్న అలన్ కాక్స్ 2009లో టోర్వాల్డ్స్‌తో మాటామాటా పెరిగి ఆ బాధ్యత వదిలేశారు. తాళం వేసిన మనిషే దాన్ని తీసే పనిలో విసిగిపోయారు. చివరి గింజల దాకా ఏరింది ఆర్న్‌ట్ బెర్గ్‌మన్. ఓఎస్/2 కాలం నాటి హెచ్‌పీఎఫ్‌ఎస్ లాంటి, వాడేవాళ్లే కనబడని మూలలన్నీ వెతికి తుడిచారు. 2011 మేలో వచ్చిన 2.6.39తో బీకేఎల్ మాయమైంది. పాత కార్టూన్ సినిమాల చివర వచ్చే వీడ్కోలు మాటనే ఆయన ఆ మార్పుకు శీర్షికగా పెట్టారు.

పెద్ద తాళం పోయినంత మాత్రాన పని పూర్తికాదని 2010లోనే ఎంఐటీ పరిశోధకులు చూపించారు. 48 కోర్ల యంత్రం మీద ఏడు ప్రోగ్రాములు నడిపి చూశారు. బృందంలో రాబర్ట్ మోరిస్ ఉన్నారు, 1988లో ఇంటర్నెట్‌ను స్తంభింపజేసిన పురుగును వదిలిన ఆ విద్యార్థే, ఇప్పుడు ప్రొఫెసర్. ఎగ్జిమ్ అనే మెయిల్ సర్వర్‌ను కుంగదీసింది ఏ ఫైల్ సిస్టమ్ ఎక్కడ తగిలించి ఉందో చూసే చిన్న పట్టిక తాళం. పట్టుకుని ఉండేది రెప్పపాటు కూడా కాదు. అయినా తాళం వదిలిన ప్రతిసారీ ఎదురుచూసే కోర్లన్నీ ఒకే అంకెను చదవడానికి ఎగబడటంతో, కోర్లు పెరిగేకొద్దీ పని పెరగడం అటుంచి తగ్గింది. పదహారు ప్యాచ్‌లు, 3,002 లైన్ల మార్పులతో ఆ అడ్డంకులు చాలావరకు తొలగించారు. ఎదురుచూసేవాళ్లు ఎవరి అంకెను వాళ్లే చూసుకునే తాళాన్ని మెలర్-క్రమీ, స్కాట్ 1991లోనే కనిపెట్టారు. అదే పోలికలున్న తాళం లినక్స్‌లో మామూలు స్పిన్‌లాక్ అయింది 2015లో. మంచి పరిష్కారం కాగితం మీద ఇరవై నాలుగేళ్లు పడి ఉందన్నమాట.

ఆ ఎంఐటీ బృందంలోనివారే 2013లో ఇంకో మాట చెప్పారు. కొన్ని చిక్కులు కెర్నెల్ కోడ్‌లో లేవు, కెర్నెల్ ఇచ్చిన మాటలో ఉన్నాయి. ఫైల్ తెరిచినప్పుడు ఖాళీగా ఉన్న అంకెల్లో అతి చిన్నదే ఇవ్వాలన్నది యునిక్స్ నాటి నియమం. ఒకే ప్రోగ్రాములోని రెండు పోగులు (థ్రెడ్‌లు) రెండు వేర్వేరు ఫైళ్లు తెరుస్తున్నా, చిన్న అంకె ఎవరిదో తేల్చుకోవడానికి ఒకరినొకరు సంప్రదించక తప్పదు. ఏదో ఒక ఖాళీ అంకె చాలన్నట్టయితే ఆ సంప్రదింపే అక్కర్లేదు. ఎంత గొప్ప ప్రోగ్రామరైనా ఆ నియమం ఉన్నంతకాలం ఈ ముడి విప్పలేరు. నియమం ఈనాటికీ అలాగే ఉంది, మీ జేబులోని ఆండ్రాయిడ్ ఫోన్‌లో కూడా.

వచ్చే భాగంలో: ఇంగో మోల్నార్, థామస్ గ్లైక్స్‌నర్ మొదలుపెట్టి, దాదాపు ఇరవై ఏళ్లు లినక్స్ గుమ్మం బయటే నిలబడి, 2024లో లోపలికి వచ్చిన రియల్‌టైమ్ ప్యాచ్‌ల కథ.

(ఇంకా ఉంది)